గంటలు మింగిన డబ్బా

చెవుల మేస్త్రీకి కోపం రావడానికి పెద్ద కారణం అక్కర్లేదని ఆ వీధిలో అందరికీ తెలుసు. ఇంటి బెల్లు చేసినవాళ్ల మీద కోపం, పిచ్చుకలా కూస్తుందని చెప్పి మూగదాన్ని అంటగట్టారని. టీవీలో వార్తలు చదివేవాళ్ల మీద కోపం, నోట్లో ఏదో పెట్టుకుని నములుతూ చదువుతారని. చేతి గడియారాల మీదైతే చెప్పనే అక్కర్లేదు. ఒకప్పుడు టిక్కు టిక్కుమంటూ మర్యాదగా నడిచేవి, ఇప్పుడు పిల్లుల్లా చప్పుడు లేకుండా పోతున్నాయి. అలా చప్పుడు చేయని పాపానికి ఒక గడియారం గోడకి తగిలి పగిలిపోయింది కూడా. ఈ కాలం వస్తువుల్లో సత్తా లేదు, ఈ కాలం మనుషుల గొంతుల్లో జీవం లేదు, ఇదీ ఆయన తీర్మానం. దాన్ని ఎంత గట్టిగా చెప్పేవాడంటే, ఎదురింటివాళ్లు లేచి కిటికీ వేసుకునేవాళ్లు.

చెవుల మేస్త్రీ అన్న పేరు ఊరికే రాలేదు. బట్టల మిల్లులో మగ్గాలు బాగుచేసే ఫిట్టరుగా చేరి, మేస్త్రీ అయి, మిల్లు మూతపడేదాకా అక్కడే ఉన్నాడు. మగ్గాల షెడ్డంటే మాటలు కాదు. మగ్గాలన్నీ ఒక్కసారి ఆడుతుంటే కాళ్ల కింద నేల అదిరేది, పళ్లు జివ్వుమనేవి, పక్కమనిషితో మాట్లాడాలంటే చెవిలో నోరు పెట్టి అరవాలి. అంత హోరులో ఈయన రెండు వరసల మధ్య నడుస్తూ నడుస్తూ ఠక్కున ఆగేవాడు. తల ఒక పక్కకి వంచి, ఒక మగ్గం వైపు వేలు చూపించి, దీని పళ్లచక్రానికి ఒక పన్ను అరిగింది, ఆపండి అనేవాడు. విప్పి చూస్తే అరిగే ఉండేది. కొత్తగా చేరినవాళ్లు ఇదేదో గారడీ అనుకుని ఆయన వెనకాలే తిరిగేవాళ్లు.

ఆయన ఇంటి ముందుగదిలో సగం ఒక పాత స్టీరియోది. వెండిరంగు ముఖం, పక్కలకి చెక్క పలకలు, గుప్పెట నిండా పట్టే నాబులు ఉన్న యాంప్లిఫయరు. దాని పక్కన రికార్డు ప్లేయరు. అటూ ఇటూ నడుం ఎత్తు స్పీకర్లు. ఇదంతా ఆయన కొన్నది కాదు, మిల్లువాళ్లు ఇచ్చింది. యాంప్లిఫయరు పైన ఒక చిన్న ఇత్తడి రేకు అతికించి ఉంటుంది. "మా మిల్లు చెవికి, అభిమానంతో, యాజమాన్యం" అని దాని మీద చెక్కి ఉంటుంది.

అది ఎందుకిచ్చారో, ఇంటికొచ్చిన ప్రతి మనిషికీ టీ కన్నా ముందు చెప్పేవాడు. ఒకసారి కార్మికులంతా కలిసి, షెడ్డులో చెవులకి పెట్టుకునే మూతలు కావాలని పట్టుబట్టారట. మేనేజరు అందరి ముందూ ఈయన్ని పిలిచి, "ఏం మేస్త్రీ, నీక్కూడా కావాలా మూతలు?" అని అడిగాడట. "చెవులు మూసుకుంటే మగ్గం మాట ఎవడు వింటాడండీ? చప్పుడంటే భయపడేవాళ్లు ఇంట్లో కూర్చుని పసిపిల్లల్ని ఆడించుకోవచ్చు" అన్నాడట ఈయన. షెడ్డంతా నవ్విందట. మూతల మాట అంతటితో సరి. ఆ తర్వాత కొద్దిరోజులకే మిల్లు గెస్టుహౌసులో ఉండే స్టీరియో బండెక్కి ఆయనింటికి వచ్చింది. ఆ కథ చెప్పేటప్పుడు మాత్రం ఆయన ముఖంలో కోపం ఉండేది కాదు.

స్టీరియో మీద ఇంకెవరి చెయ్యీ పడకూడదు. ఒకసారి ఆయన భార్య దుమ్ము దులుపుతూ ముందున్న నాబుల్లో ఒకదాన్ని కదిపింది. ఆ నాబు ఎటు తిరిగి ఉంటే ఆ వస్తువు పలుకుతుంది. 'ఫోనో' మీద ఉంటే రికార్డు. ఆవిడ చెయ్యి తగిలి అది పక్కకి జరిగేసరికి రికార్డు మూగబోయింది, ఇంట్లో ఆ పూట నిప్పులు కురిశాయి. చివరికి కారణం దొరికాక, మళ్లీ ఎవరూ కదపకుండా ఆ నాబు చుట్టూ నల్ల టేపు బిగించేశాడు. ఇంకో నాబుంది, సన్నటి చప్పుళ్లని పెంచేది. దాన్ని ఏటికేడు కొద్దికొద్దిగా తిప్పుతూ తిప్పుతూ ఆఖరిదాకా తెచ్చాడు. స్పీకర్లు ముసలివయ్యాయని ఆయన బాధ. పాట పెట్టినప్పుడల్లా ఆవిడ వంటింట్లోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకునేది, ఏమీ అనేది కాదు.

ఒక్కగానొక్క కూతురు కళ్లజోళ్ల షాపులో పనిచేస్తుంది. ఎదుటి గోడ మీద అక్షరాల బోర్డు పెట్టి, వచ్చినవాళ్లచేత చదివించడం ఆ పిల్ల పని. సాయంత్రాలు ఒక పాటల జట్టులో వాయిస్తుంది. ఆ వాయిద్యం పెద్దదేం కాదు, తోలుపట్టీకి కుట్టిన చిరుగంటల గుత్తి. పాటలో ఎక్కడ కావాలో అక్కడ, ఎంత కావాలో అంత, మణికట్టు విదిలించి ఠక్కున ఆపాలి. చూసేవాళ్లకి ఇదీ ఒక పనేనా అనిపిస్తుంది. మేస్త్రీకి మాత్రం అది తన సొత్తే కూతురికి వచ్చిందని గర్వం. "ఎక్కడ మోగించాలో తెలియాల్సింది చేతికి కాదే, చెవికి" అనేవాడు.

ఒకరోజు భోజనాల దగ్గర ఆ పిల్ల నవ్వుతూ చెప్పింది.

"ఇవాళ షాపుకి ఒకాయన వచ్చాడు నాన్నా. కింది వరస చదవలేక, బోర్డు సరిగ్గా అచ్చు వేయలేదని మా ఓనరుతో పోట్లాట పెట్టుకున్నాడు. అద్దాలు పెట్టగానే గడగడా చదివేశాడు. అప్పుడైనా ఒప్పుకున్నాడా, మీరు బోర్డు మార్చారంటాడు."

మేస్త్రీకి నవ్వుతో పొలమారింది. "కళ్లు పోయాయని ఒప్పుకోవడానికి ఏం రోగం వాడికి?" అన్నాడు నీళ్లు తాగి. ఆవిడ తలెత్తి ఆయన వైపు ఒక చూపు చూసి, మళ్లీ కంచంలోకి దించుకుంది.

ఆ తర్వాత కొన్నాళ్లకి కూతురు సాయంత్రం పనినుంచి వస్తూ అరచేతిలో పట్టేంత నల్లటి డబ్బా ఒకటి తెచ్చింది. డబ్బాకి వెనక రెండు వైర్లు, ఒకటి ఎర్రమూతి, ఒకటి తెల్లమూతి.

"ఇదేంటే అమ్మలూ, ఎలుకల బోనా?"

"పాటలొచ్చే డబ్బా నాన్నా. ఫోన్లో పాట నొక్కితే, ఇది ఇంటర్నెట్టు నుంచి అందుకుని నీ స్టీరియోకి ఇస్తుంది."

"పాట ఎక్కడుంది ఇందులో? రికార్డేదీ? సూదేదీ?"

"ఇందులో ఉండదు. ఎక్కడో ఉంటుంది, అడిగితే వస్తుంది."

"ఎక్కడో ఉన్నదాన్ని నమ్ముకుని నా యాంప్లిఫయరుకి వైర్లు గుచ్చుతావా? చాల్లే, తీసుకెళ్లి ఎవరిదగ్గర తెచ్చావో వాడి మొహాన కొట్టు."

కూతురు కదల్లేదు. తండ్రి కోపానికి జడిసే పిల్లయితే ఆ ఇంట్లో ఇన్నాళ్లు నెగ్గుకొచ్చేది కాదు. "రేపు మధ్యాహ్నం మా పాట బయటికొస్తోంది నాన్నా. దానికి రికార్డూ ఉండదు, సూదీ ఉండదు. ఇలాగే వస్తుంది. అంత పెద్ద స్పీకర్లు పెట్టుకుని, నా గంటలు అమ్మ ఫోన్లో వింటానంటే నీ ఇష్టం."

మేస్త్రీ గొణుక్కుంటూనే లేచి యాంప్లిఫయరుని గోడ దగ్గర్నుంచి ముందుకి జరిపాడు. వెనకంతా దుమ్ము. ఆ దుమ్ములో బయటి వస్తువులు తగిలించుకోవడానికి 'ఆక్స్' అని రాసిన రెండు రంధ్రాలు, పుట్టి బుద్ధెరిగాక ఏ వైరూ దూరనివి. కూతురు వాటిని చీరపీలికతో తుడిచి ఎర్రమూతీ తెల్లమూతీ బిగించింది. తర్వాత ముందుకొచ్చి నాబు చుట్టూ ఉన్న నల్ల టేపు లాగుతుంటే, మేస్త్రీ తన ఒంటి మీది పట్టీ లాగినట్టు మూలిగాడు.

"టేపు ఉంచితే కుదరదు నాన్నా. డబ్బా వినాలంటే నాబు ఇటు ఉండాలి. రికార్డు వినాలంటే మళ్లీ అటు తిప్పుకో, మర్చిపోకు."

ఆ మాట ఆయన పెడచెవిన పెట్టాడు. తన స్టీరియో ఎలా పలికించుకోవాలో నిన్నగాక మొన్న పుట్టినవాళ్లు చెప్పాలా అని ఆయన ఉడుకు. తల్లికి ఫోన్లో నొక్కుళ్లు కొత్త కాబట్టి, పెట్టిన పాటే ఆపేదాకా మళ్లీ మళ్లీ వచ్చేలా కూతురు సర్దిపెట్టింది.

మర్నాడు మధ్యాహ్నం కూతురు షాపులో ఉంది. మేస్త్రీ తల దువ్వుకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని, రెండు స్పీకర్లకీ నడిమధ్య కుర్చీ వేసుకు కూర్చున్నాడు. ఆవిడ ఫోన్లో పాట నొక్కింది. డప్పు మోగింది. గిటారు వచ్చింది. పాడే అమ్మాయి గొంతెత్తింది. మేస్త్రీ తల ఒక పక్కకి వంచి, మగ్గాల వరస మధ్య నిలబడ్డట్టే విన్నాడు. పాట అయిపోయి మళ్లీ మొదలైంది. మళ్లీ విన్నాడు. మూడోసారికి ఆయన మెడ నరాలు ఉబ్బాయి.

"గంటలేవి?"

"పాట బాగుందండీ" అంది ఆవిడ.

"పాట సంగతి నిన్నెవడు అడిగాడు? గంటలేవంటున్నాను. మొదలు నుంచి చివరిదాకా ఒక్క గంట లేదు. పిల్లచేత వాయించుకుని, వాయించినదాన్ని కోసి పారేశారు. ఎంత పొగరు వీళ్లకి?"

ఆవిడ ఏదో చెప్పబోయింది. ఆయన వింటేగా. ఫోను ఆవిడ చేతిలోంచి లాక్కుని, జట్టుని నడిపే గిటారు కుర్రాడికి కలిపాడు.

"ఏం బాబూ, మా అమ్మాయి గంటలు ఏం చేశారు?"

"ఏమైంది అంకుల్? ఉన్నాయి కదా."

"ఎక్కడున్నాయి?"

"మొదట్నుంచీ ఉన్నాయి. నిజం చెప్పాలంటే కాస్త ఎక్కువ వినపడుతున్నాయని మావాళ్లే అన్నారు."

"నాకు చెవుల సంగతి చెప్పే మొనగాడివా నువ్వు? మగ్గాల హోరులో ఒక్క పన్ను అరిగితే పట్టుకున్నవాణ్ణి నేను. నీకు గంటలు నచ్చకపోతే పిల్లకి చెప్పి పంపించాల్సింది. కష్టం చేయించుకుని చెరిపేస్తారా? దొంగలు. దొంగల జట్టు మీది."

"మీరు పెద్దవారు, మిమ్మల్ని ఏమీ అనను. ఎవరికి చెప్పాలో వాళ్లకి చెప్తాను" అని ఫోను పెట్టేశాడు ఆ కుర్రాడు. మేస్త్రీ గెలిచినవాడిలా మీసం దువ్వుకున్నాడు.

సాయంత్రం కూతురు ఎర్రబడ్డ కళ్లతో వచ్చింది. చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే నిలబడింది.

"రేపటి రికార్డింగుకి నన్ను రావద్దన్నారు నాన్నా. దొంగలన్నావట. ఆ మాట నువ్వు ఈ రాత్రిలోగా వెనక్కి తీసుకుంటే సరే, లేకపోతే గంటలకి ఇంకో అమ్మాయిని చూసుకుంటారట."

"చూసుకోనీ. నీ గంటలు చెరిపేసినవాళ్ల దగ్గర నీకేం పని?"

"చెరపలేదు. ఉన్నాయి. షాపులో విన్నాను, బస్సులో విన్నాను."

"నీకు వినపడతాయి. వాయించింది నువ్వే కాబట్టి, ఎక్కడ మోగించావో నీకు గుర్తుంది కాబట్టి వినపడ్డట్టు అనిపిస్తుంది. అది వినడం కాదు, గుర్తు తెచ్చుకోవడం."

"అమ్మని అడుగు మరి."

ఆవిడ అటూ ఇటూ చూసింది. "నా మాట ఎందుకులే" అంది. ఆ మాటకి మేస్త్రీకి ఇంకో దారి తోచింది. ఆ కుర్రాళ్లు నిజంగానే కోయకపోయి ఉండొచ్చు. అయితే తప్పు డబ్బాది. సన్నటి చప్పుళ్లని అదే మింగేస్తోంది.

"నిరూపిస్తాను చూడండి" అని రికార్డుల అర దగ్గరికి వెళ్లాడు. ఆయనకి ప్రాణమైన పాట ఒకటుంది. పెళ్లయిన కొత్తలో కొన్న రికార్డు, మొదలవడమే గలగలమని గంటలతో మొదలవుతుంది. ఆ పాటే డబ్బాలో పెట్టమని కూతురికి చెప్పాడు. ఆ పిల్ల తల్లి ఫోన్లో వెతికి పెట్టింది. పాట చివరికొచ్చేదాకా కదలకుండా విన్నాడు.

"విన్నారా? గంటల్లేవు. ఈ పాటలో గంటలున్నాయని ఈ ఇంట్లో గోడలకి కూడా తెలుసు. డబ్బా మింగేసింది. ఇప్పుడు అసలుది వినండి."

రికార్డు కవరులోంచి తీసి, అంచులు పట్టుకుని, ప్లేయరు మీద పెట్టి, చొక్కా కొసతో ఒకసారి తుడిచి, సూది దించాడు. ఏళ్ల తరబడి చేస్తున్న పనే, కళ్లు మూసుకుని కూడా చేయగలడు. వచ్చి కుర్చీలో కూర్చుని కళ్లు మూసుకున్నాడు. పాట మొదలైంది. ఆయన ముఖం విచ్చుకుంది. చూపుడువేలు గాల్లో చిన్నగా కొట్టుకోసాగింది, ఒక్కొక్క గంటకీ ఒక్కొక్క కొట్టు.

"ఇవిగో. ఇవిగో. విను అమ్మలూ, ఇవీ గంటలంటే."

కూతురు వినడం లేదు, చూస్తోంది. యాంప్లిఫయరు మీద నాబు ఇంకా డబ్బా వైపే ఉంది. ఎన్నో ఏళ్లు టేపు కింద కదలకుండా ఉన్న నాబు, దాన్ని తిప్పాలన్న ఆలోచనే ఆయనకి రాదు. ఆయన సూది దించేలోగా డబ్బాలో పాట అయిపోయి, సర్దిపెట్టిన ప్రకారం మళ్లీ మొదలైంది. అరిగిన రికార్డుకుండే చిటపట కూడా లేదు పాటలో. ఆ సంగతి ఆవిడ కూడా గమనించింది. కూతురు తల్లి వైపు చూసింది, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. కానీ ఆవిడ అప్పటికే లేచింది. చాలా ఏళ్లు నోరు మూసుకున్న మనిషి, కూతురి పని పోతుంటే ఇక మూసుకోలేకపోయింది. ప్లేయరు దగ్గరికి వెళ్లి, సూది చేతిని రెండు వేళ్లతో పైకెత్తింది.

పాట ఆగలేదు.

మేస్త్రీ వేలు ఇంకా గాల్లో కొట్టుకుంటూనే ఉంది. ఆవిడ వెళ్లి ఆయన భుజం తట్టింది. ఆయన కళ్లు తెరిచాడు. తిరుగుతున్న రికార్డుని చూశాడు, పైకి లేచి ఉన్న సూదిని చూశాడు, పాడుతున్న స్పీకర్లని చూశాడు. అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. నాబు మీద చూపు పడ్డాక మొత్తం అర్థమైంది. ఇందాక గంటల్లేవని తిట్టింది ఈ డబ్బానే. ఇప్పుడు గంటలు విన్నదీ ఈ డబ్బాలోనే. అంటే రెండుసార్లూ ఆయన చెవిలో ఒక్క గంటా పడలేదు.

"ఇంటి బెల్లు బాగానే మోగుతుందండీ" అంది ఆవిడ మెల్లిగా. మళ్లీ, ఆయనకి వినపడేలా గొంతు పెంచి, "మొదట్నుంచీ మోగుతూనే ఉంది. ఎవరొచ్చినా నేను వెళ్లి తలుపు తీస్తున్నాను."

"ఎప్పట్నుంచి తెలుసు నీకు?"

"మీరు గడియారాన్ని గోడకేసి కొట్టినప్పట్నుంచి. అది టిక్కుటిక్కుమంటూనే ఉంది."

"చెప్పలేదేం?"

"ఏమని చెప్పను? మిల్లు పోయింది, పని పోయింది. మీకు మిగిలింది ఆ పేరొక్కటే కదా."

మేస్త్రీ ఒంటికాలి మీద లేస్తాడని ఇద్దరూ ఎదురుచూశారు. లేవలేదు. చెప్పుల్లో కాళ్లు దూర్చి, తలుపు ధడేలుమని వేసి బయటికి పోయాడు.

మిల్లు మూతపడ్డాక పాత మనుషులంతా సాయంత్రాలు వీధి చివర టీకొట్టు బెంచీల మీద చేరతారు. ఒకళ్ల మీద ఒకళ్లు అరుచుకుంటున్నట్టే మాట్లాడుకుంటారు. మేస్త్రీ వాళ్లకి అరుపుల సంఘం అని పేరు పెట్టి, పక్కనుంచి వెళ్తూ ముసిముసిగా నవ్వుకునేవాడు. ఇవాళ నవ్వలేదు. బెంచీ చివర పొడుగు నేతగాడు కూర్చుని ఉన్నాడు. అప్పుడు మూతలు కావాలని ముందు నిలబడి అడిగినవాడు. మేస్త్రీ వెళ్లి అతని పక్కన కూర్చుని చెవి దగ్గర నోరు పెట్టాడు.

"మూతలు అడిగిన రోజు గుర్తుందా?"

నేతగాడు టీ గ్లాసు కింద పెట్టాడు. "ఇన్నాళ్లకి అడుగుతున్నావా ఆ మాట?"

"నా మీద కోపం రాలేదా నీకు?"

"రాకేం. మేనేజరు మీద ఎంత వచ్చిందో నీ మీద అంతకు రెట్టింపు వచ్చింది. కానీ నువ్వా మాట అన్నప్పుడు నేనూ నవ్వాను మేస్త్రీ. అందరూ నవ్వుతుంటే నవ్వాను. ఇప్పుడు ఇంట్లో మా మనవరాలు ఏదో చెప్పి నవ్వుతుంది. అదేంటో తెలియదు, దాన్ని చూసి నవ్వుతుంటాను. నా బతుకంతా ఈ నవ్వులే అయిపోయింది."

మేస్త్రీ టీ తాగలేదు. వచ్చిన దారినే వెనక్కి నడిచాడు, నడుస్తుంటే ఒళ్లు మండిపోతోంది. పత్తి మిల్లది. దూది గాల్లో ఎగిరేది, కనురెప్పల మీద వాలేది, మూత పెట్టిన భోజనం డబ్బాలోకి కూడా దూరేది. పని దిగేసరికి పడుచువాళ్ల తలలు కూడా నెరిసినట్టు ఉండేవి. ఒంటినిండా దూది, చెవుల్లో పెట్టుకోవడానికి మాత్రం ఒక్క పీలిక లేదు. మేనేజరు తన అద్దాల గది తలుపు ఎప్పుడూ మూసే ఉంచేవాడు. షెడ్డులోకి వచ్చినప్పుడల్లా రెండు చెవుల్లో వేళ్లు పెట్టుకుని, నవ్వుతూ, తొందరగా నడిచి వెళ్లిపోయేవాడు. ఆ వేళ్లని తను రోజూ చూశాడు. చూసి, సుకుమారం అనుకున్నాడు. వాడు వాడి చెవులు దాచుకుని, స్టీరియో ఇచ్చి తన చెవులు కొనుక్కున్నాడు. అవి అమ్మకానికి పెట్టింది, పక్కవాళ్లవి కూడా కలిపి పెట్టింది తనే. అది తలచుకుంటే మేనేజరుని తిట్టడానికి వచ్చిన బూతులన్నీ సగం దూరం పోయి వెనక్కి తిరిగి వస్తున్నాయి.

ఇంటికొచ్చి పనిముట్ల పెట్టెలోంచి స్క్రూడ్రైవరు తీశాడు. అది చూసి కూతురు స్టీరియోకి అడ్డంగా నిలబడింది. "డబ్బాని ఏం చేయకు నాన్నా, రేపు తిరిగి ఇచ్చేస్తాను" అంది. ఆయన ఆ పిల్లని పక్కకి జరిపి, స్క్రూడ్రైవరు మొన ఇత్తడి రేకు కిందకి దూర్చాడు. జిగురు గట్టిది, కొన్నేళ్లు కూర్చున్నది. పళ్లు బిగించి పెకలించాడు. రేకు వంకర తిరిగి ఊడి కిందపడింది. నేల మీద అది ఖంగుమని ఉంటుంది, ఆయనకి ఆ సంగతి కూతురు ఉలిక్కిపడటం చూశాక తెలిసింది.

"ఆ కుర్రాడికి ఫోన్ కలుపు" అన్నాడు.

కలిపి ఇచ్చింది. మేస్త్రీ గొంతు సవరించుకున్నాడు. ఇంత కష్టమైన పని ఆయన షెడ్డులో ఎప్పుడూ చేసి ఉండడు.

"బాబూ, మేస్త్రీని. మీ పాటలో గంటలు ఉన్నాయి. నాకే వినపడలేదు. నాకు వినపడక మిమ్మల్ని దొంగలన్నాను. ఆ మాట నాది తప్పు."

"అయ్యో, పర్లేదు అంకుల్. దానిదేముంది. రేపు తనని పంపించండి, అందరం ఎదురుచూస్తుంటాం."

"పర్లేదు కాదు. సరే, పంపిస్తాను. ఒక మాట చెప్పు. మా పిల్ల ఎక్కడ కూర్చుని వాయిస్తుంది మీ దగ్గర?"

"డ్రమ్ముల పక్కనే అంకుల్. ఇద్దరికీ తాళం కలవాలి కదా."

"ఆ డ్రమ్ములవాడు చెవులకి ఏమైనా పెట్టుకుంటాడా?"

గిటారు కుర్రాడు నవ్వాడు. "లేదంకుల్. మేం చెప్పాం గానీ వాడు వినడు. చెవులు మూసుకుంటే పాట మాట ఎవరు వింటారంటాడు. వాణ్ణి చూసి ఇక్కడ ఎవరూ పెట్టుకోరు."

కూతురికి తండ్రి ముఖం చూసి భయమేసింది. ఇన్నేళ్లలో గడియారాల మీద, బెల్లు మీద, టీవీ మీద వచ్చిన కోపాలన్నీ ఆ పిల్ల చూసింది గానీ, ఇలాంటిది చూడలేదు. ఆవిడ వంటింట్లోంచి వచ్చి గుమ్మం దగ్గర ఆగిపోయింది.

"వాడు అక్కడే ఉన్నాడా?" అన్నాడు మేస్త్రీ. "ఉంటే ఫోన్ వాడికివ్వు."

ఎదురింటివాళ్లు లేచి కిటికీ వేసుకున్నారు.